మా తాత పొలం, హోవార్డ్ దొర కుప్ప

మాది కంచరపాలెం అనగానే హాస్టల్లో అందరికీ ముందు సినిమానే గుర్తొస్తుంది. 2018లో కేరాఫ్ కంచరపాలెం వచ్చాక మా ఊరి పేరు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఊరు అంటున్నాను గానీ అది విశాఖలో ఒక పేట. రైలు పట్టాలు, పాలిటెక్నిక్, మెట్టు, రైతు బజారు, వీటి మధ్యే నా చిన్నతనం అంతా గడిచింది. కనుచూపు మేరలో పొలం అన్నదే లేదు. అలాంటి చోట పెరిగినవాడు మట్టి గురించి, అందులోనూ 1947లో పోయిన ఒక ఇంగ్లీషు దొర గురించి రాయడమేంటని మీకు అనిపించవచ్చు. దీనికంతటికీ కారణం ఒక చిన్న కార్డు.

మా అమ్మగారి ఊరు చోడవరం దగ్గర. అక్కడ తాతకి రెండెకరాల చెరకు తోట ఉంది. తాత పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మామయ్య చూస్తున్నాడు. చూస్తున్నాడంటే పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. మిగతా పొద్దంతా అనకాపల్లిలో ఒక కొట్లో పని. చెరకు నరికాక పొలం నిండా ఎండాకు పరుచుకుని ఉంటుంది. కార్శి తోట చెయ్యాలంటే ఆ చెత్త అడ్డం. ఏరించడానికి కూలీలు దొరకరు, దొరికినా కిట్టదు. అగ్గిపుల్ల గీస్తే అరగంటలో పని అయిపోతుంది. పోయిన ఫిబ్రవరిలో నేను వెళ్లిన రోజే ఆ మంట పెట్టారు. రాత్రి డాబా మీద పడుకుంటే బుగ్గి ఎగిరొచ్చి దుప్పటి మీద పడింది.

మర్నాడు అమ్మమ్మ బీరువాలో ఏవో కాగితాలు వెతకమంటే భూసార పరీక్ష కార్డు దొరికింది. తాత ఉండగా ఇచ్చింది. సేంద్రియ కర్బనం అన్న వరుసలో 0.38 శాతం అని, దాని పక్కన తక్కువ అని రాసుంది. అదేంట్రా అని అమ్మమ్మ అడిగింది. నాకు చెప్పడం రాలేదు. మెకానికల్ మూడో సంవత్సరం వాణ్ణి, ఇనుములో కార్బన్ గురించి అరగంట ఆపకుండా మాట్లాడగలను. మట్టిలో కార్బన్ గురించి రెండు ముక్కలు నోటికి రాలేదు. నిజంగానే సిగ్గేసింది.

ఆ రోజే మామయ్య ఇంకో మాట చెప్పాడు. దిగుబడి ఏటికేడు తగ్గుతోందట. ఎరువు బస్తాలు పెంచినా పెద్దగా తేడా రావట్లేదట. వచ్చే ఏడాది తోట తీసేసి సరుగుడు వేసెయ్యడమో, లేదంటే లేఅవుట్ వాళ్లకి ఇచ్చెయ్యడమో చేద్దామనుకుంటున్నాడు. అమ్మ ఏమీ అనలేదు. బస్సు కంచరపాలెం చేరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే కూర్చుంది.

ఆ 0.38 నా బుర్రలో ఉండిపోయింది. స్టీలు ఊళ్లో పెరిగినవాళ్లకి ఇలాంటి అంకె తొందరగా ఎక్కుతుంది. మైల్డ్ స్టీల్లో కార్బన్ పావు శాతం లోపే. 0.8 దగ్గరికి తీసుకెళ్తే అదే ఇనుము రంపాలకీ స్ప్రింగులకీ పనికొచ్చేంత గట్టిదవుతుంది. 2 శాతం దాటితే పోత ఇనుము, సుత్తితో కొడితే పగులుతుంది. దశాంశ బిందువు తరవాతి అంకెలే లోహం స్వభావాన్ని మార్చేస్తాయి. మట్టి కథ కూడా అలాంటిదే. మన భూసార పరీక్షల్లో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.5 నుంచి 0.75 దాకా మధ్యస్థం, ఆ పైన ఎక్కువ. కొలిచే పద్ధతి కూడా మనకి తెలిసిందే. మట్టిలో పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, మిగిలిపోయిన డైక్రోమేట్‌ని ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తారు. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబులో బ్యూరెట్టు పట్టుకుని మనం విసుక్కుంటూ చేసిన పనికి ఇది దగ్గరి చుట్టమే.

ఒక్క తేడా ఉంది. ఇనుములోకి కార్బన్ ఒకసారి ఎక్కిందంటే అక్కడే ఉంటుంది. మట్టిలో అలా కాదు. ఆకు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని చక్కెర చేస్తుంది. అందులో కొంత వేళ్ల ద్వారా మట్టిలోకి దిగుతుంది, కొంత రాలిన ఆకుగా నేల మీద పడుతుంది. సూక్ష్మజీవులు దాన్ని తిని, చాలా భాగాన్ని మళ్లీ గాలిలోకే వదిలేస్తాయి. మిగిలిన కొంచెం బంకమట్టి రేణువులకి అంటుకుని ఏళ్ల తరబడి ఉంటుంది. మట్టికి నలుపు, మెత్తదనం, నీళ్లు పట్టే గుణం ఇచ్చేది ఆ కొంచెమే. అంటే ఇది బ్యాంకు ఖాతా లాంటిది. వేసేది తగ్గి తీసేది పెరిగితే నిల్వ కరిగిపోతుంది. ఊరికే దున్నడం, నేలని బోడిగా ఎండబెట్టడం, ఆకు తగలబెట్టడం, గత్తం మానెయ్యడం, ఇవన్నీ తీసే లెక్కలోకే వస్తాయి.

ఇదంతా చదువుతూ కంపోస్టు దగ్గరికి వచ్చినప్పుడు ప్రతిచోటా ఇండోర్ పద్ధతి అన్న మాట తగిలింది. మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ పేరు కుప్పకి ఎందుకు వచ్చింది అని వెతికితే ఆల్బర్ట్ హోవార్డ్ దొరికారు.

హోవార్డ్ 1873లో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో ఒక రైతు ఇంట పుట్టారు. లండన్‌లోనూ కేంబ్రిడ్జిలోనూ సైన్సు చదివారు. 1899లో మొదటి ఉద్యోగం వెస్టిండీస్‌లో. బార్బడోస్ దీవిలో శిలీంధ్రాల నిపుణుడిగా చేరారు. ఆయన చూడాల్సిన పంటల్లో ముఖ్యమైనది, మీరు నమ్మరు గానీ, చెరకే. ప్రయోగశాలలో మైక్రోస్కోపు కింద తెగులు చూడడం, దానికి ఒక పేరు పెట్టడం, రైతులకి సలహా ఇవ్వడం, అదీ పని. మూడేళ్లలోనే ఆయనకి ఒక విషయం మింగుడుపడడం మానేసింది. తాను చెప్పే సలహాని తాను ఎక్కడా వేసి చూడలేదు. వేసి చూడడానికి తనకంటూ చారెడు నేల లేదు. గాజు పలక మీద తెగుల్ని చూసినవాడు, పొలంలో నష్టపోయే రైతుకి ఏ ధైర్యంతో చెప్పాలి? ఈ ప్రశ్న ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

తిరిగొచ్చి ఇంగ్లండ్‌లో వై కాలేజీలో రెండేళ్లు పనిచేశారు. 1905లో ఇండియాలో ఉద్యోగం వచ్చింది. బీహార్‌లోని పూసాలో అప్పుడే వ్యవసాయ పరిశోధన సంస్థ పెడుతున్నారు. దానికి డబ్బిచ్చింది హెన్రీ ఫిప్స్ అనే అమెరికన్. అక్కడ ఇంపీరియల్ ఎకనామిక్ బోటనిస్టు హోదా హోవార్డ్‌కి ఇచ్చారు. ఆ ఏడాదే గేబ్రియెల్ మాథై అనే ఆవిడతో పెళ్లయింది.

ఇక్కడ గేబ్రియెల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. హోవార్డ్ గురించి రాసేవాళ్లు ఆవిడని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. పెళ్లికి ముందే ఆవిడ కేంబ్రిడ్జిలో పేరున్న పరిశోధకురాలు. ఫ్రెడరిక్ బ్లాక్‌మన్ అనే శాస్త్రవేత్తతో కలిసి, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆకు ఎంత కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందో కొలిచారు. వెలుతురు చాలనప్పుడు వేడి పెంచినా ఆకు ఎక్కువ పీల్చుకోదని ఆ కొలతల్లో తేలింది. ఏది తక్కువగా ఉంటే అదే మొత్తం పనికి పగ్గం వేస్తుందన్న బ్లాక్‌మన్ సిద్ధాంతం 1905లో ఆ కొలతల మీదే నిలబడింది. ఇంటర్ బోటనీ చదివినవాళ్లకి లిమిటింగ్ ఫ్యాక్టర్స్ అంటే గుర్తుండాలి. అంటే గాలిలోంచి ఆకులోకి కార్బన్ వచ్చే దారిని భార్య కొలిచారు, ఆకులోంచి మట్టిలోకి పోయే దారిని తరవాత భార్యాభర్తలు కలిసి పట్టుకున్నారు. పూసాలో ఆవిడ మొదట భర్తకి సహాయకురాలిగా ఉన్నారు. 1913లో ప్రభుత్వమే ఆవిడని రెండో ఇంపీరియల్ ఎకనామిక్ బోటనిస్టుగా నియమించింది. ఆ రోజుల్లో ఆడవాళ్లకి అలాంటి ఉద్యోగం ఇవ్వడం మామూలు విషయం కాదు.

పూసాలో హోవార్డ్‌కి మొదటిసారి సొంతంగా పొలం దొరికింది. 75 ఎకరాలు. అక్కడ ఆయన చేసిన తెలివైన పని ఏంటంటే, వెంటనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టకుండా చుట్టుపక్కల రైతులు ఏం చేస్తున్నారో చూడడం. వాళ్లకి పురుగుమందులు లేవు, బస్తా ఎరువు లేదు. అయినా పంటలు ఆరోగ్యంగానే ఉన్నాయి. పప్పుజాతి పంటని తృణధాన్యంతో కలిపి వెయ్యడం, పశువుల పేడని నేలకి తిరిగి ఇవ్వడం చూశారు. పురుగు పట్టిన చోటల్లా మట్టిలోనో నీటిపారుదలలోనో ఏదో లోపం ఉందని గమనించారు. రైతుల్నీ పురుగుల్నీ తన గురువులుగా భావించానని తరవాత రాసుకున్నారు. తెగులుని శత్రువు అనుకోకుండా, నేల ఎక్కడ బాగాలేదో చెప్పే సూచన అనుకోవడం ఆయన పద్ధతి.

ఈ దంపతులు గోధుమ రకాలు కూడా తయారు చేశారు. పూసా 4, పూసా 12 అన్నవి వాళ్లవే, ఉత్తరాదిలో చాలా విస్తీర్ణంలో పండాయి. కానీ మంచి విత్తనం చెడ్డ నేలలో పెద్దగా ఏమీ చెయ్యలేదని వాళ్లకి త్వరగానే అర్థమైంది. మట్టికి గాలి ఆడాలి, నీళ్లు నిలవకూడదు, సేంద్రియ పదార్థం ఉండాలి. ఈ మూడూ లేకుండా విత్తనం మీద చేసిన పని సగంలో ఆగిపోతుంది. అయితే పూసాలో ఒక చిక్కుంది. గోధుమ ఒకరికి, మట్టి రసాయనం ఒకరికి, పురుగులు ఇంకొకరికి, ఎవరి శాఖ గోడల మధ్య వాళ్లే. మొక్క మాత్రం అన్ని శాఖల్లోనూ ఒకేసారి బతుకుతుంది. మన కాలేజీలో డిపార్ట్‌మెంట్ల సంగతి తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అందుకే 1924లో హోవార్డ్ ఇండోర్ వెళ్లిపోయారు. పత్తి కమిటీ, మధ్య భారత సంస్థానాలు కలిసి ఇచ్చిన డబ్బుతో అక్కడ 300 ఎకరాల్లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీ మొదలైంది. పంట ఒక్కటే, దాన్ని చూసే కళ్లు కూడా కలిసే ఉండాలన్నది అక్కడి సూత్రం. ఆ పొలంలోనే కుప్ప పుట్టింది.

సమస్య ఎలాంటిదంటే, పల్లెల్లో పేడలో చాలా భాగం పిడకలై పొయ్యిలోకి పోతోంది. పొలంలో మిగిలే పత్తి కంప, చెరకు చెత్త, కలుపు లాంటివి అలాగే దున్నేస్తే త్వరగా కుళ్లవు. పైగా కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలో నత్రజనిని లాగేసుకుని పంటని ఎండబెడతాయి. కాబట్టి పొలం బయటే కుళ్లబెట్టి, తయారైన ఎరువునే నేలకి ఇవ్వాలి. చైనా, జపాన్ రైతులు ఇలాంటి పని తరతరాలుగా చేస్తున్నారని ఫ్రాంక్లిన్ కింగ్ అనే అమెరికన్ 1911లో వచ్చిన పుస్తకంలో రాశారు. హోవార్డ్‌కి అది ప్రేరణ అయ్యింది. ఇండోర్‌లో యశ్వంత్ వాడ్ అనే రసాయన శాస్త్రవేత్త తోడయ్యారు.

రెండు మూడు అడుగుల లోతు గుంతలు. అందులో ఎండు చెత్త ఒక పొర, పేడ ఒక పొర, పశువుల మూత్రం ఇంకిన మట్టి, పొయ్యి బూడిద, పైన నీళ్లు. గట్టిగా ఉండే పత్తి కంపని దారుల మీద పరిచేవారు. బళ్లు తొక్కుకుంటూ పోతుంటే అదే నలిగిపోయేది. యంత్రం కొనక్కర్లేదు. కుప్ప లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. కొన్ని వారాలకొకసారి తిరగేస్తే గాలి ఆడుతుంది. మూడు నెలలకి నల్లటి, మట్టి వాసన వేసే ఎరువు తయారు. ఇదంతా హోవార్డ్, వాడ్ కలిసి 1931లో పుస్తకంగా వేశారు. మన వ్యవసాయ పాఠాల్లో బెంగళూరు పద్ధతి పక్కన కనిపించే ఇండోర్ పద్ధతి ఇదే.

ఆ పుస్తకం వచ్చేసరికి గేబ్రియెల్ లేరు. 1930లో పోయారు. పాతికేళ్లు ప్రతి పొలంలోనూ ప్రతి నివేదికలోనూ పక్కన నిలబడిన మనిషి. 1931లో హోవార్డ్ ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. తరవాత గేబ్రియెల్ చెల్లెలు లూయీజ్‌ని పెళ్లి చేసుకున్నారు. ఆయన ఇండియా సంవత్సరాల గురించి ఆయన పోయాక పుస్తకం రాసి అక్కని కూడా మరుగున పడకుండా చూసింది ఆవిడే.

రిటైరయ్యాక ఊరుకోలేదు. టీ, కాఫీ తోటలకి ఇండోర్ పద్ధతి నేర్పుతూ తిరిగారు. 1934లో సర్ బిరుదు వచ్చింది. 1940లో యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్ అనే పుస్తకం రాశారు. అడవి తనకి తానే ఎరువు ఎలా వేసుకుంటుందో చూపించి, నేల నుంచి తీసుకున్నది నేలకి తిరిగి ఇవ్వకపోతే ఏ సేద్యమూ నిలవదన్నది అందులో సారాంశం. 1940లలో ఇంగ్లండ్‌లో ఈవ్ బాల్ఫర్, అమెరికాలో రోడేల్ ఈ దారి పట్టుకుని సేంద్రియ సేద్యానికి ఉద్యమ రూపం ఇచ్చారు. 1947 అక్టోబరులో, మనకి స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలలకి, హోవార్డ్ కన్నుమూశారు.

ఆయన చెప్పిందంతా సరైనదని నేను అనట్లేదు. రసాయన ఎరువుల మీద కోపంలో లెక్క తప్పిన సందర్భాలున్నాయి. మంచి మేత తిన్న తన ఎద్దులు గాలికుంటు వచ్చిన పశువులతో మూతులు రాసుకున్నా జబ్బు పడలేదని రాశారు. అది ఒక పరిశీలనే, పరీక్ష కాదు. ఆయన ఘాటుగా విమర్శించిన సంస్థల్లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ ఒకటి. తమాషా ఏంటంటే, ఆయన మాటకి గట్టి సాక్ష్యం దొరికింది అక్కడే. 1843 నుంచి ఆపకుండా నడుస్తున్న బ్రాడ్‌బాక్ అనే గోధుమ పొలంలో, ఏటా పశువుల ఎరువు వేసిన మడిలో కార్బన్, ఏ ఎరువూ వెయ్యని మడిలో కన్నా రెండు రెట్లకు పైగా ఉంది. ఇంకో పాఠం కూడా ఆ పొలం చెప్తుంది. మొదట వేగంగా పెరిగిన కార్బన్ పోనుపోనూ నెమ్మదిస్తుంది, ఎరువు ఆపేస్తే మళ్లీ దిగిపోతుంది.

ఇంకో సంగతి. హోవార్డ్ లెక్కపెట్టింది నేల సారం కోసం, వాతావరణం కోసం కాదు. వాతావరణంలో ఉన్న కార్బన్ కన్నా ప్రపంచ నేలల్లో ఉన్నది రెండు మూడు రెట్లు ఎక్కువ అని ఇప్పుడు మనకి తెలుసు. 2015లో పారిస్ సమావేశాల్లో ఫ్రాన్స్ ఒక పిలుపునిచ్చింది. నేలలో కార్బన్ నిల్వని ఏటా వెయ్యికి నాలుగు వంతుల చొప్పున పెంచుదామని. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం కూడా అదే దారి. నేలని ఏడాది పొడవునా పచ్చగా కప్పి ఉంచడం, వానలకి ముందే నవధాన్యాలు చల్లడం, ఘనజీవామృతం, ఆకుల ఆచ్ఛాదన. 2024లో పోర్చుగల్‌లో ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి ఈ కార్యక్రమానికి వచ్చింది. దాన్ని పంచుకున్నవాళ్లలో నేల కార్బన్ శాస్త్రవేత్త రతన్ లాల్ ఉన్నారు. పూసా రైతులు హోవార్డ్‌కి నేర్పిన పాఠం అన్ని దేశాలూ తిరిగి మన ఆడవాళ్ల పొదుపు సంఘాల మీటింగుల్లోకి వచ్చిందన్నమాట.

చదివాక చేతులు ఊరుకోలేదు. కంచరపాలెం రైతు బజారులో సాయంత్రం కాలీఫ్లవర్ ఆకులు, తోటకూర కాడలు ఊరికే ఇస్తారు. ఒక పెయింటు బకెట్టు నిండా కుక్కి, మూత పెట్టి, మేడ మీద పెట్టాను. వారం తిరక్కుండానే కింది వాటా పిన్నిగారు పైకొచ్చారు. ఆవిడ ఏమన్నారో ఇక్కడ రాయను. హోవార్డ్ పుస్తకం మొత్తం గాలి గురించే ఉంటే, నేను చేసింది గాలి ఆడకుండా మూత పెట్టడం. రెండోసారి బకెట్టుకి చుట్టూ కన్నాలు పెట్టాను. పచ్చి ఆకు ఒక వంతుకి ఎండాకు, కొబ్బరి పీచు రెండు వంతులు వేశాను. పాలాయన దగ్గర పేడ తెచ్చాను. నాలుగు రోజులకోసారి కర్రతో తిరగేశాను. వాసన పోయింది. నాలుగు నెలలకి అమ్మ కరివేపాకు కుండీకి సరిపడా నల్ల ఎరువు వచ్చింది. అమ్మ గుప్పెడు తీసి వాసన చూసి, తాత గత్తం కుప్ప ఇలాగే ఉండేదని అంది. ఎడ్లు అమ్మేశాక ఆ కుప్ప పోయిందట. మా పొలం 0.38 కథ ఎక్కడ మొదలైందో ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది.

లెక్క వేసి చూశాను. ఎకరంలో పైన ఆరంగుళాల మట్టి బరువు దాదాపు 900 టన్నులు. 0.38 శాతం అంటే ఎకరానికి 3.4 టన్నుల కార్బన్. దాన్ని 0.5కి తీసుకెళ్తే రెండెకరాలకి కలిపి 2 టన్నులకి కాస్త పైన కార్బన్ చేరుతుంది. 44ని 12తో భాగించి ఆ అంకెతో గుణిస్తే సుమారు 8 టన్నుల కార్బన్ డయాక్సైడ్. మా నాన్న బండి నెలకి 20 లీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరుకి 2.3 కిలోల చొప్పున పద్నాలుగేళ్లపాటు అది వదిలే పొగంతా మా తాత పొలంలో దాచినట్టు. వినడానికి బాగుంది. కానీ వెయ్యికి నాలుగు చొప్పున పెంచుకుంటూ పోతే 0.38 నుంచి 0.5కి చేరడానికి దాదాపు 70 ఏళ్లు పడుతుంది. బాగా చూసుకునే పొలంలో అంతకన్నా త్వరగా రావచ్చు. మన ఎండలకి సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది కాబట్టి అదీ సులువు కాదు. మధ్యలో ఒక ఏడాది మంట పెడితే, ఆ ఏడాది నేలకి రావలసిన ఆకు రాదు. దానిలోని నత్రజని కూడా పొగలో పోతుంది. బూడిదలో మిగిలేది పొటాష్ లాంటి ఖనిజాలే.

ఈ లెక్క క్లాసులో చూపిస్తే ఒక ఫ్రెండు కార్బన్ క్రెడిట్ల సంగతి అడిగాడు. అమ్ముకోవాలంటే కొలవాలి, కొలిచింది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుందని హామీ ఇవ్వాలి. రెండెకరాల రైతుకి ఆ పరీక్షల ఖర్చే ఎక్కువ. మామయ్యకి నేను చెప్పదలుచుకున్నది క్రెడిట్ల గురించి కాదు. నేలలో కార్బన్ పెరిగితే వాన నీళ్లు నిలుస్తాయి, వేసిన ఎరువు కొట్టుకుపోదు, తోట ఎండని తట్టుకుంటుంది. గాలికి జరిగే మేలు దాని వెంట వచ్చే లాభం.

దసరాకి వెళ్లినప్పుడు కార్డు, బకెట్టులో మిగిలిన ఎరువు రెండూ పట్టుకెళ్లాను. మామయ్య నా లెక్కలన్నీ ఓపిగ్గా విన్నాడు. విని, పరిచిన ఆకులో ఎలకలు చేరతాయన్నాడు, పాములొస్తాయన్నాడు, పొరపాటున పక్క పొలం మంట అంటుకుంటే తోటంతా పోతుందన్నాడు. ఒక్కటి కూడా అబద్ధం కాదు. అవన్నీ నా లెక్కలో లేనివి. బార్బడోస్‌లో హోవార్డ్‌కి వచ్చిన ఇబ్బందే నాకూ వచ్చింది. చారెడు నేల కూడా చెయ్యనివాడు చెప్పే సలహాకి బరువెంత?

అందుకని సలహా మానేసి ఒక చిన్న బేరం పెట్టాను. రెండెకరాల్లో పావెకరం ఇమ్మన్నాను. ఈసారి చెరకు నరికాక ఆ పావెకరంలో మంట పెట్టరు. ఆకు సాళ్ల మధ్య పరిచే పని నాదీ, ఇద్దరు ఫ్రెండ్సుదీ. చుట్టూ మంట రాకుండా బాట తీసే పని కూడా మాదే. మిగతా పొలంలో మామయ్య ఇష్టం. మూడేళ్లయ్యాక రెండు చోట్లా మట్టి తీసి పరీక్ష చేయిద్దామన్నాను. మామయ్య నవ్వి, మూడేళ్లకి నువ్వు ఏ బెంగళూరులో ఉంటావో అన్నాడు. ఆ మాట కూడా నిజమే. నా దగ్గర జవాబు లేదు. అమ్మమ్మ మాత్రం కార్డు తీసి మళ్లీ బీరువాలో జాగ్రత్తగా పెట్టింది. సరుగుడు మాట, లేఅవుట్ మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

ఫిబ్రవరిలో చెరకు నరుకుతారు. ఆకు పరచడానికి చేతులు కావాలి. ఎన్.ఎస్.ఎస్. గంటలు కలుస్తాయో లేదో చెప్పలేను గానీ, అమ్మమ్మ చేతి భోజనం, అనకాపల్లి బెల్లం మాత్రం ఖాయం. వచ్చేవాళ్లు మెకానికల్ మూడో సంవత్సరం బి సెక్షన్లో నన్ను కలవండి. ఫుల్ చేతుల చొక్కా వేసుకురండి, చెరకు ఆకు కోస్తుంది.